మంచి రక్తం

జూలై 3, సోమవారం

మళ్ళీ వెలిగింది.

నీళ్ళు మాత్రమే పోసిన గొట్టం శుభ్రంగా ఉంది. మలేరియా ఉందని ముందే తెలిసిన నమూనాలో గీత రావలసిన చోటే వచ్చింది. క్వారీ కాలనీ నమూనాల్లో కిందటిసారి వెలిగినవే ఈసారీ వెలిగాయి. అన్నీ బాగున్నాయి, మంచి రక్తం ఒక్కటి తప్ప. జబ్బు లేని మనిషి చుక్క అని ప్రతి విడతలోనూ మేం పక్కన పెట్టుకునేది అదే. అక్కడ గీత రాకూడదు. వచ్చిందంటే ఎక్కడినుంచో ఏదో అంటుకుందని అర్థం, మిగతా గీతలన్నీ అనుమానంలో పడ్డట్టే. సన్నటి గీత, బల్లి తోకంత. అయినా గీత గీతే.

మా ల్యాబు పెద్దసారు ఆ గీతలున్న జెల్ ఫోటోని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమీ లేని రక్తంలోనే మలేరియా పట్టుకుంటోందంటే ఈ పరీక్షను నేనేం నమ్మనమ్మా" అన్నారు. కోప్పడినా బాగుండేది. జాలిపడ్డారు.

నెలాఖరు సమావేశంలో ఆ కాలనీని మలేరియా లేని చోటుగా ప్రకటించాలని ఆయన తొందర. స్లయిడ్లన్నీ శుభ్రంగా ఉన్నాయి కదా అంటారు. స్లయిడ్లు చూసింది మా బాబాయ్. సొంత బాబాయ్ కాదు, ల్యాబంతా అలాగే పిలుస్తుంది. బాబాయ్ చూసి లేదంటే లేదట. మైక్రోస్కోపు కింద కనపడాలంటే రక్తంలో ఆ పురుగులు కొన్ని వేలైనా ఉండాలి, పదో ఇరవయ్యో ఉంటే దేవుడికైనా కనపడవు, అందుకే కదా ఇంత ఖర్చుపెట్టి అంత కొద్దిదాన్నీ పట్టే పీసీఆర్ పరీక్ష తెచ్చుకున్నది అని ఎన్నిసార్లు చెప్పాను! గోడకు చెప్పుకున్నట్టుంది.

నా లెక్కలో ఆ కాలనీలో ప్రతి అయిదుగురిలో ఒకరికి ఉంది. జ్వరం లేదు, దగ్గు లేదు, రాళ్ళు కొట్టుకుంటూ తిరుగుతున్నారు. దోమ కుట్టిన ప్రతిసారీ పక్కవాడికి పంచుతున్నారు. ఇది నిజం. నాకు తెలుసు. ఆ ఒక్క గీత లేకపోతే అందరికీ తెలిసేది.

జూలై 4, మంగళవారం

బల్లలు బ్లీచ్‌తో కడిగాను. చుక్కలు కొలిచి పోసే పిపెట్లు విప్పి కడిగాను. వాటి మూతికి తొడిగే కొత్త టిప్పుల పెట్టె తెరిచాను. ఆరిన రక్తం చుక్కల్లోంచి చిన్న బిళ్ళలు కత్తిరించే పంచ్‌ను ఒక్కో నమూనాకీ మధ్య ఖాళీ కాగితం మీద పదేసిసార్లు నొక్కాను. బొటనవేలు బొబ్బ కట్టింది. అంతా అయ్యాక బాబాయ్ లోపలికొచ్చి ఫ్యాను వేసుకుని కూర్చున్నాడు. నా గదిలో! దుమ్మంతా గాల్లోకి లేపి, ఏమ్మాయ్ ఇంకా ఇంటికి వెళ్ళలేదా అని కుశలప్రశ్న.

నోటికొచ్చింది అనేశాను. ఫ్యాను కట్టేసి వెళ్ళిపోయాడు.

జూలై 6, గురువారం

వెలిగింది.

జూలై 8, శనివారం

అక్క వచ్చింది, క్వారీ కాలనీ అంతా అక్కా అనే పిలిచే మనిషి. కాలనీలో ఆరోగ్య కేంద్రాన్ని ఈమే నడిపిస్తుంది. డాక్టరు వారానికోసారి వస్తాడు. మిగతా రోజులన్నీ ఈమే డాక్టరు, ఈమే నర్సు, ఈమే ఊడ్చే మనిషి. పోయిన నెల చుక్కలు సేకరించడానికి నేనక్కడ మూడు వారాలున్నప్పుడు ఆమె ఇంట్లోనే తిన్నాను, కేంద్రంలో పడుకున్నాను. దోమతెర నాకిచ్చి తను దుప్పటి ముసుగు పెట్టుకునేది. ఆ తెరకి ఎన్ని చిల్లులో.

వచ్చిందే ఒకటి అడగడానికి. తన కోడలి పరీక్షలో ఏమొచ్చింది?

ఆ పిల్లకి ఆరో నెల. మొదటి కాన్పు నిలవలేదు. మొహంలో రక్తం చుక్కలేదు, నాలుగు బిందెలు మోస్తే గోడకు జారగిలబడుతుంది. స్లయిడ్‌లో ఏమీ లేదని మేమే చెప్పి పంపాం. నా జెల్‌లో మాత్రం పిల్ల చుక్క ప్రతిసారీ వెలుగుతోంది. ఈమెకు చెప్పడానికి లేదు. సారు సంతకం లేనిదే ఫలితం బయటికి పోకూడదు, మంచి రక్తం శుభ్రపడనిదే సారు సంతకం పెట్టరు. గర్భిణికి తప్పుడు రిపోర్టు మీద మందులిచ్చి ఏదైనా అయితే ఎవరిది పూచీ అంటారు. ఇవ్వకపోతే ఏదైనా అయితే ఎవరిది పూచీ అని నేనడగలేదు. అడిగి ఉండాల్సింది.

ఇంకా పరీక్ష పూర్తవలేదక్కా అన్నాను. నీళ్ళు నమలడం అంటే ఏమిటో ఇవాళ నా నోటికి బాగా తెలిసింది. ఆమె నా మొహం వంకే చూసి, నువ్వేంటి ఇలా వాడిపోయావు, సరిగ్గా తింటున్నావా అని అడిగింది. పరీక్ష సంగతి మళ్ళీ ఎత్తలేదు. అది ఇంకా బాధగా ఉంది.

జూలై 9, ఆదివారం

మధ్యాహ్నం పడుకుంటే సాయంత్రం దాకా మెలకువ రాలేదు. అత్తయ్యకి అనుమానం, రెండోది కడుపున పడిందేమోనని. లేదని చెప్పినా నమ్మలేదు, పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. మంచిదే.

ల్యాబులో తలప్రాణం తోకకొస్తుంటే నీరసం రాదా. వస్తుంది. ఇందులో వింతేముంది.

మా చిన్నది, అమ్మా నీ చిన్నప్పటి కథ చెప్పమంది. నా చిన్నతనంలో కథలేమున్నాయి? అలాంటి రాళ్ళ కాలనీలోనే పెరిగాను. ఏడాదిలో సగం జ్వరంతో మూలుగుతూ అమ్మ చీర కప్పుకుని పడుకునేదాన్ని. చదువు పుణ్యమా అని బయటపడ్డాను. పట్నం వచ్చాక ఒక్కసారంటే ఒక్కసారి జ్వరం రాలేదు. అందుకే ల్యాబు పెట్టిన రోజు మంచి రక్తం ఎవరిది తీద్దామంటే ముందు చెయ్యి చాపింది నేను. ఇక్కడ ఇంత శుభ్రమైన రక్తం ఎవరికుంది అని నవ్వాం కూడా. ఇంతకుముందు విడతలన్నిటిలోనూ నా చుక్క బంగారంలా ఉంది. నా చుక్కలు ఆరబెట్టుకున్న ఆ కాగితం అయిపోతే క్వారీ నుంచి వచ్చాక కొత్తగా గుచ్చుకుని మళ్ళీ చుక్కలు పెట్టాను.

కొత్త కాగితం! ఆ కట్టలోనే ఏదో ఉంది. రేపు ఆ కట్ట సంగతి తేలుస్తాను.

జూలై 12, బుధవారం

కొత్త కాగితాన్ని రక్తం లేకుండా పరీక్షించాను. శుభ్రం. పాత కట్టలోంచి మిగిలిన ముక్క వెతికి, దాని మీద మళ్ళీ వేలు గుచ్చుకుని చుక్క పెట్టాను. వెలిగింది. అంటే కాగితం కాదు.

పంచ్ అయుండాలి. పంచే. ఇంకేముంటుంది.

ఫ్యాను వేసినందుకు బాబాయ్‌ని క్షమాపణ అడగాలి. రేపు అడుగుతాను.

జూలై 13, గురువారం

అడగలేదు. మళ్ళీ ఫ్యాను వేశాడు.

జూలై 17, సోమవారం

సారు తేల్చేశారు. సమావేశానికి స్లయిడ్ల ఫలితాలే వెళతాయట. పీసీఆర్ ఫలితాలు "సాంకేతిక కారణాల వల్ల" పక్కన పెడుతున్నామని ఒక్క ముక్క రాస్తే చాలట. ఆ ముక్క కూడా నేనే రాయాలట. పుండు మీద కారం ఇలాగే చల్లుతారు కాబోలు.

కాలనీని మలేరియా లేని చోటని ప్రకటిస్తే ఆరోగ్య కేంద్రం ఎత్తేస్తారు. అక్కని ఇంకో చోటికి వేస్తారు. కోడలు కాలనీలోనే ఉంటుంది, కొడుకు పని అక్కడే కదా. ప్రసవం నాటికి దగ్గర మనిషంటూ ఉండరు.

ఇన్నాళ్ళ చాకిరీ. వేళ్ళు గుచ్చి గుచ్చి పసిపిల్లల చేత తిట్లు తిన్నాను. తలుచుకుంటే ఒళ్ళు మండిపోతోంది. ఆ ముక్క రాయలేదు. రేపు రాస్తానన్నాను.

జూలై 18, మంగళవారం

రాయలేదు. ఆఖరిసారి ఒక విడత నడుపుతానని సారును బతిమాలాను. చేతులు దులుపుకున్నట్టు సరేనన్నారు.

ఈసారి మంచి రక్తం రెండు పెట్టాను. నాదొకటి, బాబాయ్‌దొకటి. వేలు ఇమ్మంటే, మొన్న తిట్టిన నోటితో ఇవాళ రక్తం అడుగుతున్నావా అని ఆటపట్టించాడు. గుచ్చితే చిన్నపిల్లాడిలా మొహం తిప్పుకున్నాడు. ఇన్ని వేళ్ళ రక్తం చూసిన మనిషి.

జూలై 19, బుధవారం

బాబాయ్ చుక్క శుభ్రం. నాది వెలిగింది.

పంచ్ వరసలో నాది ముందుంది, బాబాయ్‌ది చివర ఉంది. కాబట్టి కిందటి విడతలో నొక్కిన దేన్నుంచో నా దానికి అంటుకుని ఉంటుంది, చివరికి వచ్చేసరికి పంచ్ శుభ్రపడి ఉంటుంది. ఇదే జరిగింది. వరస మార్చి ఇంకోసారి చేస్తే తేలిపోతుంది.

బాబాయ్ జెల్ చూశాడు, నన్ను చూశాడు, అమ్మాయ్ చెయ్యి ఇటియ్యి అన్నాడు. నా వేలు గుచ్చి స్లయిడ్ చేసి మైక్రోస్కోపు ముందు కూర్చున్నాడు. టీ చల్లారిపోయింది, తాగలేదు. చాలాసేపయ్యాక తలెత్తి ఏమీ లేదన్నాడు. ఊపిరి పీల్చుకున్నాను. నాకు జ్వరం లేదు. ఒంట్లో బాగానే ఉంది, నీరసం తప్ప. ఇంట్లో పని, ల్యాబులో పని, నీరసం ఎవరికుండదు. పైగా స్లయిడ్‌లో ఏమీ లేదు. బాబాయ్ చూసి లేదంటే లేదు.

పంచే.

జూలై 20, గురువారం

వరస మార్చి చేశాను. నా చుక్క చివర, బాబాయ్‌ది ముందు.

నేనే.

జూలై 21, శుక్రవారం

మొదట భయం వేసింది చిన్నదాని గురించి. నన్ను కుట్టిన దోమ దాన్ని కుట్టి ఉంటే? తెల్లారి లేపి వేలు గుచ్చాను. ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. అత్తయ్య నా మీద విరుచుకుపడింది. మా ఆయనా గుచ్చించుకున్నారు, అత్తయ్య కూడా. ముగ్గురివీ శుభ్రంగా ఉన్నాయి. ఆ మాట రాయగానే కాసేపు కలం పక్కన పెట్టేశాను.

తర్వాత సిగ్గేసింది. ఆ కాలనీలో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, జ్వరం లేకపోయినా ఉండొచ్చమ్మా, చూడ్డానికి బాగున్నా ఉండొచ్చయ్యా అని గొంతు పోయేలా చెప్పింది నేను. నా దగ్గరికొచ్చేసరికి బల్లలు కడిగాను, కాగితాన్ని తప్పుపట్టాను, ఫ్యాను వేశాడని పెద్దాయన మీద అరిచాను. అన్నిటినీ అనుమానించాను, నన్ను తప్ప. చిల్లుల తెర కింద మూడు వారాలు పడుకుని, నాకెందుకు వస్తుందనుకున్నాను. ఆ కాలనీలాంటి చోట పుట్టి, ఆ కాలనీ నాలోంచి ఎప్పుడో పోయిందనుకున్నాను.

బాబాయ్‌ని క్షమాపణ అడిగాను. ఫ్యాను వేసుకో అన్నాను. ఎందుకులే, అలవాటు తప్పింది అన్నాడు.

జూలై 24, సోమవారం

అన్నీ పట్టుకుని సారు గదిలోకి వెళ్ళాను. బాబాయ్ రక్తం మంచి రక్తంగా పెట్టి కాలనీ నమూనాలన్నీ మళ్ళీ నడిపాను. వెలిగినవి అవే, వెలగనివి అవే. గీత రాకూడని చోట రాలేదు. తప్పు పరీక్షలో లేదు సార్, పరీక్ష సరిగ్గానే పట్టుకుంది, నన్ను పట్టుకుంది అని చెప్పాను.

సారు నిజంగా కంగారుపడ్డారు. లేచి నిలబడి, ఇన్నాళ్ళూ ఇలాగే తిరుగుతున్నావా, ఇంట్లో చిన్నపిల్ల ఉంది కదా అని కోప్పడ్డారు. చీటీ లాక్కుని మందులు రాయబోయారు. మంచాయన. ఆ మాట నేనెప్పుడూ కాదనలేదు.

నా స్లయిడ్‌లో ఏమీ లేదు సార్, జ్వరం కూడా లేదు అన్నాను. అయితే ఏంటి, పీసీఆర్‌లో ఉంది కదా అన్నారు. అన్న తర్వాత ఆయనకే వినపడింది ఆ మాట. కలం ఆగింది.

"మరి కాలనీ వాళ్ళకి?"

"వాళ్ళ సంగతి వేరు. నువ్వు వేరు."

"ఎలా వేరు సార్?"

కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. వాళ్ళు వందలమంది అన్నారు, నిబంధనలు స్లయిడ్ ప్రకారమే ఉన్నాయన్నారు, పైవాళ్ళు ఒప్పుకోరన్నారు. నేను అలాంటి చోటే పుట్టానని, నాకు చదువు రాకపోతే ఇప్పుడు ఆ చుక్కల కాగితం మీద నాకూ ఒక నంబరు ఉండేదని, అప్పుడు ఈ చీటీ రాసేవారు కాదని చెప్పాను. ఏడవకూడదనుకున్నాను, ఏడ్చాను. ఆ చీటీ వాళ్ళతోపాటే తీసుకుంటాను సార్ అని వచ్చేశాను.

జూలై 25, మంగళవారం

ఇంట్లో యుద్ధం. మొండితనానికి హద్దుండాలన్నారు మా ఆయన. అత్తయ్య ఏడుపు. వాళ్ళు చెప్పేది తప్పు కాదు. పట్టుదల నాది, దోమ కుడితే బాధ చిన్నదానిది. మంచానికి కొత్త తెర కట్టాను, చిల్లులున్నాయేమోనని దీపం పెట్టి చూశాను, వేరే గదిలో పడుకుంటున్నాను. సమావేశం అయ్యేదాకా చూస్తాను. ఆ తర్వాత మింగేస్తాను. ఎవరికీ చెప్పను.

జూలై 26, బుధవారం

ఇవాళ బాబాయ్ సారు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. బయటికొచ్చాక ఏం చెప్పావంటే, నా కళ్ళకు కనపడనిది లేనట్టే అని ఇన్నాళ్ళు సంతకాలు పెట్టాను, ఈసారి కాలనీ స్లయిడ్ల మీద పెట్టనని చెప్పాను అన్నాడు. ఆ సంతకాలు లేకపోతే సమావేశంలో చూపించడానికి సారు దగ్గర ఏమీ ఉండదు.

జూలై 28, శుక్రవారం

సమావేశం అయింది, సారు పీసీఆర్ ఫలితాలే చూపించారు. కాలనీని ప్రకటించలేదు. ఆరోగ్య కేంద్రం ఇంకో ఏడాది ఉంటుంది. పీసీఆర్‌లో వెలిగిన వాళ్ళందరికీ మందులివ్వడానికి పైవాళ్ళు ఒప్పుకున్నారు, ఈ ఒక్క కాలనీకి, ఈ ఒక్కసారికి. పక్క క్వారీ సంగతి అడిగితే తర్వాత చూద్దామన్నారు. ఆ తర్వాత ఎప్పుడొస్తుందో నాకు తెలుసు.

సారు సంతకం పెట్టిన కాగితంలో కాలనీ వాళ్ళ కింద, చివర నన్ను కూడా రాశారు. చూపించి, సరిపోయిందా తల్లీ అన్నారు. కోపంగా ఉన్నారో లేదో తెలియలేదు.

జూలై 29, శనివారం

డాక్టరుతో కలిసి కాలనీకి వెళ్ళాను. ఒక్కొక్కరికీ మందులిస్తుంటే వచ్చిన మాట ఒక్కటే, ఏమీ లేదన్నారుగా. కొందరు నవ్వారు. కొందరు తీసుకుని రొంటిన దోపుకున్నారు, మింగుతారో పారేస్తారో. అక్క మాత్రం వెనక్కి తిరగకుండా ముందు నడిచింది. కోడలి సంగతి నాకెన్నాళ్ళుగా తెలుసో ఆమె అడగలేదు. అడుగుతుందేమోనని నేను రెండడుగులు వెనకే నడిచాను.

కోడలు గడప మీద కూర్చుని ఉంది. కాళ్ళు వాచాయి. ఆరో నెలకి పనికొచ్చే మందులు విడిగా రాసి తెచ్చాడు డాక్టరు. మూడు రోజులు మింగాలి. అక్క మంచినీళ్ళు తెచ్చింది. పిల్ల గ్లాసు తీసుకుని పక్కన పెట్టేసింది.

"పోయినసారి జ్వరమని మాత్రలిచ్చారు. మింగిన నాలుగో రోజు కడుపు పోయింది. ఈసారి జ్వరం కూడా లేదు. మీ అద్దంలో ఏం కనపళ్ళేదని అత్తయ్యే చెప్పింది. నేను మింగను."

డాక్టరు నచ్చజెప్పాడు. పోయినసారి బిడ్డను తీసింది మాత్రలు కాదు, ఈ జబ్బే అయుంటుందన్నాడు. అయుంటుందంటే కచ్చితంగా తెలియదా అని అడిగింది పిల్ల. అక్క బతిమాలింది, తర్వాత తిట్టింది. పిల్ల రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని గోడవైపు తిరిగింది. నేను గీతల గురించి మొదలుపెట్టాను, కనపడనంత తక్కువ ఉంటుంది, మాయలో దాక్కుంటుంది, బిడ్డకి రక్తం అందనివ్వదు అంటూ. నా మాటలు నాకే ల్యాబు వాసన వేశాయి. ఆపేశాను. మేం లేదని చెప్పిన దాన్ని మేమే ఉందంటున్నాం. ఆ పిల్ల స్థానంలో నేనున్నా మింగను. నిజానికి నేనూ మూడు వారాలు అదే చేశాను.

ఆమె పక్కన గడప మీద కూర్చున్నాను. సంచిలోంచి నా మాత్రలు తీశాను.

"నాకూ జ్వరం లేదు. నా స్లయిడ్‌లోనూ ఏం కనపళ్ళేదు" అన్నాను.

పిల్ల తల తిప్పింది. మీకూ ఉందా అని అడిగింది. ఉంది, ఇక్కడ ఉన్నప్పుడే వచ్చింది, వచ్చినట్టు నాకే తెలియలేదన్నాను. పరీక్షలు చేసేది మీరే కదా అంది. అయినా తెలియలేదు, తెలిశాక కూడా కొన్నాళ్ళు ఒప్పుకోలేదు అన్నాను. ఆమె పక్కన పెట్టిన గ్లాసే తీసుకుని నా మాత్రలు మింగాను. ఒకటి గొంతులో అడ్డం పడింది, దగ్గొచ్చింది. అక్క వీపు నిమిరింది.

పిల్ల చాలాసేపు నా మొహమే చూసింది, ఏమవుతుందోనని.

"చేదా?"

"చేదే."

అక్క గ్లాసు కడిగి మళ్ళీ నీళ్ళు నింపింది. పిల్ల పొట్ట మీద నుంచి ఒక చెయ్యి తీసి చాపింది.